త్రాసును ముట్టుకునే హక్కు: గోదావరి అడవి అంచున భౌతికశాస్త్ర ప్రయోగశాల

మన కథల్లోకి, నవలల్లోకి కాలేజీ చాలాసార్లే వచ్చింది. హాస్టలు గది వచ్చింది, ఎన్నికలు వచ్చాయి, ప్రేమలేఖలు వచ్చాయి, సమ్మె వచ్చింది, గోడమీద నినాదం వచ్చింది. ప్రయోగశాల మాత్రం రాలేదనే చెప్పాలి. మన రచయితలకు ఆ గదితో పరిచయం లేక కాదు. శ్రీశ్రీ 1935లో విశాఖపట్నంలో జంతుశాస్త్ర డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాడు. కొడవటిగంటి కుటుంబరావు విజయనగరంలో భౌతికశాస్త్రం చదువుకొని, అదే శాస్త్రంలో ఎమ్మెస్సీ కోసం బెనారస్ వెళ్లి, ఆర్థికమాంద్యం రోజుల్లో ఆ చదువు మధ్యలోనే వదిలి వచ్చాడు. అయినా పొడవాటి బల్లలూ, తాళంవేసిన అద్దాల బీరువాలూ వుండే ఆ గది మన సాహిత్యానికి పనికిరాని చోటుగానే మిగిలిపోయింది. అక్కడ మనిషికి ఏదైనా జరుగుతుందని మనకు అనిపించలేదు. ఆ గదిని నిజంగా ఏమీ జరగని చోటుగా తయారు చేశారు కాబట్టే అలా అనిపించలేదని నా అభిప్రాయం. అలా ఎప్పుడు చేశారు, ఎలా చేశారు అన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. దాన్ని ఖమ్మం, భద్రాచలం అడవి అంచు నుంచి చూడడం మంచిది. శాస్త్రపరికరాలు చాలా ముందే వచ్చి, ప్రయోగశాలలు చాలా ఆలస్యంగా వచ్చిన ప్రాంతం అది.

ఈ దేశంలో శాస్త్రం ఎందుకు ఎండిపోయిందన్న చర్చలో అందరికంటే ముందు సూటిగా మాట్లాడినవాడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్. ఆయన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర రెండు సంపుటాలుగా 1902లో, 1909లో వచ్చింది. కులవ్యవస్థ గట్టిపడ్డాక ఆలోచించే వర్గం చేతిపనికి దూరమైందనీ, కొలిమి దగ్గరా మగ్గం దగ్గరా వున్నవాళ్లకు 'ఎందుకు', 'ఎలా' అని అడిగే చదువు అందకుండా పోయిందనీ ఆయన వాదన. చేయి ఒక కులానికీ, తల మరో కులానికీ పంచి ఇచ్చిన సమాజంలో ప్రయోగం పుట్టదు. ప్రయోగమంటే తల అడిగిన ప్రశ్నకు చేయి జవాబు వెతకడం. ఈ వాదన చరిత్రకారులకు పాతదే. దాన్ని కళాశాల ప్రయోగశాలకు అన్వయించి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ఈ అడవుల్లోకి నిజమైన భౌతికశాస్త్ర పరికరం 19వ శతాబ్దం తొలి భాగంలోనే వచ్చింది. మహా త్రికోణమితి సర్వే తరఫున లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరిన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్ని కొలవడానికి థియొడొలైట్‌తో బయలుదేరాడు. అడవి జ్వరం అతని బృందాన్ని కుప్పకూల్చింది. కూలీలూ, మోతగాళ్లూ, జెండాలు పట్టినవాళ్లూ పడిపోయారు, కొందరు చనిపోయారు. ఎవరెస్టు కోలుకోవడం కోసం గుడ్‌హోప్ అగ్రానికి ఓడెక్కాడు. తరవాత హిమాలయ శిఖరానికి అతని పేరు పెట్టారు. పరికరం మోసినవాళ్ల పేర్లు ఏ గుట్టకూ లేవు. ఆ తరవాత 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనులు తవ్వే హక్కు సంపాదించింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. అంటే కోణం, దూరం, సాంద్రత, పీడనం, ఇవన్నీ ఇక్కడ పాఠాలు కాకముందే పాలనకూ లాభానికీ పనిముట్లయ్యాయి. కొలిచే చేయి ఒకరిది, కొలతకు గురయ్యే నేల మరొకరిది.

కొలత అంటే ఇక్కడి జనానికి ఎక్కువగా తెలిసింది మాత్రం థియొడొలైట్ కాదు, తక్కెడ. గోదావరికి ఎడమ ఒడ్డున వున్న భద్రాచలం ప్రాంతాన్ని 1860లో నిజాం బ్రిటిష్‌వాళ్లకు వదులుకున్నాడు. మొదట అది మధ్యపరగణాల్లో వుండి, 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో కలిసింది. కుడి ఒడ్డు నిజాం రాజ్యంలోనే వుంది. ఒక ఒడ్డున వీశె, మణుగు. మరో ఒడ్డున సేరు. ఒక ఒడ్డున కంపెనీ రూపాయి వారసత్వం, మరో ఒడ్డున హాలీ సిక్కా. నది దాటితే తూకమూ మారుతుంది, డబ్బూ మారుతుంది. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ, తేనె తెచ్చి ఉప్పుకూ బట్టకూ మార్చుకునే కోయవాడికి ఈ మార్పు ఏమిటో షావుకారు చెప్తే తెలియాల్సిందే. తక్కెడ దండె ఎటు వంగిందో చూసే కన్ను కోయవాడికి వుంది. రాయి ఎంత బరువో నిర్ణయించే అధికారం అతనికి లేదు. దొంగరాళ్లూ, తరుగూ, ముందే ఇచ్చిన అప్పూ కలిసి చేసిన దోపిడీని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సివచ్చి, తరవాత గిరిజన సహకార సంస్థగా పేరుపడ్డ సంస్థను 1956లో ఏర్పాటు చేసింది. అదే ఏడు తూనికలు కొలతల ప్రమాణాల చట్టమూ వచ్చింది. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలో, గ్రాము బజారులోకి దిగాయి. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. రెండు ఒడ్లకూ ఒకే రాయి, ఒకే రూపాయి, ఒకే దారి ఏర్పడడానికి వందేళ్లకు పైగా పట్టింది.

కళాశాల ప్రయోగశాల ఈ ప్రాంతానికి వచ్చింది కూడా సరిగ్గా ఈ సంవత్సరాల్లోనే. ఖమ్మం 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడివడి జిల్లా అయింది. 1956లో ఖమ్మంలో కళాశాల ఏర్పడింది, ఇవాళ ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. ప్రభుత్వ కళాశాలగా అందరికీ తెలిసింది అదే. మొదట ఉస్మానియా కిందా, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దానికిందా ఈ ప్రాంతపు చదువు నడిచింది. పి.యు.సి. పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చింది, 1971లో ఇంటర్మీడియట్ బోర్డు వచ్చింది. మన దగ్గర 'కాలేజీ ఫిజిక్సు' అంటే మొదట ఇంటరే. ఊరి బడి దాటి వచ్చిన పిల్ల మొట్టమొదటిసారి వెర్నియర్ కాలిపర్స్‌నూ, స్క్రూగేజినీ, లోలకాన్నీ చూసేది అక్కడే.

ఆ గదిలో గౌరవస్థానం గాజుపెట్టెలో వుండే భౌతికత్రాసుది. అంబాలాలో తయారై రైలెక్కి వచ్చిన ఆ త్రాసుకు ఒక నియమావళి వుంది. తూనికరాళ్లను చేత్తో ముట్టుకోకూడదు, పటకారుతోనే ఎత్తాలి. తలుపు మూసి చూడాలి. కదలిక ఆగేదాకా ఊపిరి బిగబట్టాలి. ఈ నియమాలన్నిటికీ కారణం వుంది. చేతి చెమట రాయికి అంటుతుంది, గాలి పళ్లేన్ని కదిలిస్తుంది. కారణం చెప్పి, చెమట అంటిన రాయినీ అంటని రాయినీ తూచి చూపిస్తే అదొక గొప్ప పాఠం. చెప్పకుండా 'ముట్టుకోవద్దు' అని మాత్రం అంటే, ముట్టుకోవద్దు అన్న మాట వేల ఏళ్లుగా విన్న కులాల నుంచి వచ్చిన పిల్లకు అందులో వినిపించేది మరొకటి. సంతలో తక్కెడ షావుకారు చేతిలో వుంది. కాలేజీలో త్రాసు అటెండరు తాళం కింద వుంది. నిజాయితీ వున్న అధ్యాపకులు చాలామంది ఈ తేడాను గుర్తించారు. బీరువాలోని వస్తువు పగిలితే జీతంలోంచి కోత పడుతుందన్న భయంతో తాళం తియ్యడానికి జంకినవాళ్లూ వున్నారు. వ్యక్తుల్ని తప్పుపట్టి లాభం లేదు. పరికరాన్ని పనిముట్టుగా కాక ఆస్తిగా లెక్కగట్టే స్టాక్ రిజిస్టరే ఆ భయాన్ని పుట్టించింది.

భాష సంగతి సాహిత్య విద్యార్థులకు ప్రత్యేకంగా పట్టవలసింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు మన శాస్త్రం పేరు 'తబీయాత్'. 1948 తరవాత అది 'ఫిజిక్సు'. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పాఠ్యపుస్తకాలు వచ్చాక 'భౌతికశాస్త్రం'. యాభై ఏళ్లలో ఒకే గదికి మూడు పేర్లు. అకాడమి చేసిన పని తక్కువది కాదు. తెలుగులో పై చదువుల శాస్త్రం చెప్పొచ్చని అది రుజువు చేసింది. కాని తలతన్యత, స్నిగ్ధత, విశిష్టోష్ణం, ద్రవ్యవేగం వంటి మాటలు సంస్కృతం బట్టీపట్టినవాడికి ఎంత దగ్గరో, ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు అంత దూరం. 1940లలో హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండీ వాచకాలతో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు, తల్లిభాషలో చదువన్నది ప్రాథమిక స్థాయికే పరిమితమైన ఆలోచన. అది కళాశాలదాకా నడవలేదు. అంచేత కోయ పిల్ల తెలుగుమీదుగా సంస్కృతానికీ, అక్కడినుంచి పోటీపరీక్ష ఇంగ్లీషుకూ ఎక్కాలి. ప్రయోగశాలకు ఇక్కడ ఒక ప్రత్యేకత వుంది. సన్నటి గాజుగొట్టంలో నీళ్లు పైకి పాకడం చూసిన కన్నుకు 'కేశనాళికీయత' అన్న మాట ఆ తరవాత ఎప్పుడు వచ్చినా ఫరవాలేదు. చూడని కన్నుకు ఆ మాట ఒక్కటే శాస్త్రం. గది మూతపడితే పదకోశమే మిగుల్తుంది.

ఇప్పుడు లఘులోలకం దగ్గరికి వద్దాం. ఇంటర్ రికార్డులో అందరికీ తెలిసిన ప్రయోగం ఇదే. దారానికి గుండు కట్టి, పొడవు కొలిచి, 20 డోలనాలకు పట్టే కాలం చూసి, గురుత్వ త్వరణం లెక్కకట్టాలి. ఏ కళాశాల రికార్డు తెరిచినా చివర వుండేది 980. నిజానికి ఈ సంఖ్య ఊరిని బట్టి మారుతుంది. భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకొని, నడుమ కొంచెం ఉబ్బి, తన చుట్టూ తాను తిరుగుతోంది కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ అది పెరుగుతుంది. లండన్‌లో దాదాపు 981.2. భద్రాచలం అక్షాంశం దగ్గర, సుమారు 17.7 డిగ్రీలకు, లెక్క ప్రకారం వచ్చేది 978.5. రెండు సెకన్ల లోలకం లండన్‌లో 99.4 సెంటీమీటర్లు వుండాలి, ఇక్కడ 99.1. తేడా మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. లండన్‌లో సరిగ్గా నడిచే లోలకం గడియారాన్ని తెచ్చి భద్రాచలంలో పెడితే రోజుకు సుమారు రెండు నిమిషాలు వెనకపడుతుంది.

ఈ మూడు మిల్లీమీటర్లకు పెద్ద చరిత్రే వుంది. 1672లో పారిస్ నుంచి దక్షిణ అమెరికా తీరాన అడవుల మధ్య వున్న కయెన్‌కు వెళ్లిన జాన్ రిషే తన లోలకం గడియారం రోజుకు రెండున్నర నిమిషాలు వెనకపడుతోందని గమనించాడు. గడియారం చెడిందని అనుకొని ఊరుకోలేదు. పది నెలలపాటు మళ్లీ మళ్లీ కొలిచి, లోలకాన్ని మూడు మిల్లీమీటర్లకు కొద్దిగా తక్కువగా కురచ చెయ్యాల్సి వస్తోందని రాసుకున్నాడు. పారిస్ సంఖ్యకు తన సంఖ్యను సరిచెయ్యలేదు. భూమి గుండ్రటి బంతి కాదని న్యూటన్ వాదించినప్పుడు ఆ చిన్న తేడాయే సాక్ష్యం పలికింది. మన దేశంలో 1865 నుంచి బాసేవి అనే సర్వే అధికారి లోలకాల్ని ఊళ్లవెంట మోసుకెళ్లి ఊపి ఊపి చూసి, 1871లో లడఖ్ ఎత్తుల్లో ఆ పనిమీదే ప్రాణం విడిచాడు. తన ఊళ్లో వచ్చిన సంఖ్యను గౌరవించడం ఇందులో వున్న శాస్త్రమంతా.

మన రికార్డుల్లో జరుగుతున్నది దీనికి పూర్తి విరుద్ధం. నిజానికి 20 డోలనాలు స్టాప్‌వాచీతో చూస్తే 978.5కూ 980కీ తేడా పట్టుకోవడం సాధ్యం కాదు. చేతి పొరపాటే పది, పదిహేను దాకా వుంటుంది. నలభైమంది నిజంగా కొలిస్తే 965, 991, 974, 986 అంటూ చెదిరిన సంఖ్యలు రావాలి. నలభై రికార్డుల్లోనూ 980 వచ్చిందంటే ఒక్కరూ కొలవలేదని అర్థం. ముందు జవాబు రాసి, దానినుంచి కాలం లెక్కకట్టి, కాలం నుంచి పట్టిక నింపడం సీనియర్లు జూనియర్లకు నేర్పే విద్య అయిపోయింది. ఇందులో బాధ కలిగించేది దొంగతనం కాదు. తన చేత్తో 974 తెచ్చిన పిల్ల తనది తప్పనుకొని కొట్టివేసి 980 రాసుకోవడం. ఆమె సంఖ్యకు విలువ వుంది. ఎంత చెదిరింది, ఎందుకు చెదిరింది, వంద డోలనాలు లెక్కపెడితే చెదురు తగ్గుతుందా, పొడవును గుండు మధ్యదాకా కొలిచామా, దారం సాగిందా? ప్రయోగమంటే ఈ ప్రశ్నలే. ఆ ప్రశ్నలు పుట్టే చోటే రబ్బరుతో తుడిచేస్తున్నాం.

రాత పరీక్షల మధ్య ప్రయోగపరీక్షకు ఇచ్చిన చోటు కూడా ఇందుకు తగ్గట్టే వుంది. రెండో ఏడాది చివర 30 మార్కులు, దాదాపు అందరికీ నిండుగా. 1986లో ఎంసెట్ మొదలయ్యాక ఇంజనీరింగు, వైద్యం సీటుకు కావలసింది నాలుగు జవాబుల్లోంచి ఒకటి పట్టుకునే చురుకుదనం అయింది. లోలకం ఊపే గంట, వంద ప్రశ్నలు అభ్యాసం చేసే గంట ముందు ఓడిపోయింది. 2021లో కోవిడ్ వల్ల తెలంగాణలో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రద్దయినప్పుడు ప్రయోగపరీక్షల మార్కులు అందరికీ పూర్తిగా వేశారు. ఆ ఏడు అది న్యాయమే, పిల్లల తప్పేమీ లేదు. ప్రయోగాలు చేసిన ఏళ్లకూ చెయ్యని ఏటికీ మార్కుల జాబితాలో పెద్ద తేడా కనిపించకపోవడం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఇదే ప్రాంతంలో ఇంకోరకం ప్రయోగపరీక్ష ఒకటి ఏళ్లతరబడి నడిచింది. కొత్తగూడెం, ఇల్లెందు భూగర్భ గనుల్లో సర్దార్, ఓవర్‌మన్ కావాలంటే గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ వుండాలి. హంఫ్రీ డేవీ 1815లో చేసిన రక్షకదీపం వంశానికి చెందిన దీపం అభ్యర్థి చేతికిస్తారు. దాని మంట చుట్టూ తీగజల్లెడ వుంటుంది. జల్లెడ వేడిని లాగేసుకుంటుంది కాబట్టి లోపలి మంట బయటి వాయువును అంటించలేదు. వత్తి తగ్గించి చూస్తే, గాలిలో మీథేన్ వున్నప్పుడు మంటమీద లేతనీలం టోపీ ఒకటి కనిపిస్తుంది. మీథేన్ శాతం పెరిగేకొద్దీ ఆ టోపీ ఎత్తు పెరుగుతుంది. సుమారు 5 శాతం దాటితే గాలి పేలుతుంది. ఆ నీలాన్ని చూసి శాతం చెప్పాలి. ఇక్కడ పక్కవాడి రికార్డు చూసి రాయడం కుదరదు, 'రావలసిన జవాబు' వుండదు. అంతకంటే ముఖ్యం, తప్పు చెప్తే పోయేది మార్కు కాదు. ఉష్ణవాహకత పాఠంలో ఒక చిన్న బొమ్మగా డేవీదీపం గురించి చదివి మర్చిపోయిన ఇంటర్ పిల్లవాడి తండ్రి అదే దీపంతో రోజూ షిఫ్టుకు దిగేవాడు. 1970లలో కొత్తగూడెంలో స్కూల్ ఆఫ్ మైన్స్ ఏర్పడింది. గని చదువు అక్కడ డిగ్రీ అయింది. కాని ఇంటర్ భౌతికశాస్త్ర ప్రయోగాల జాబితాలోకి ఆ దీపం రాలేదు. జాబితా తయారు చేసేచోట గనులు లేవు.

చేత్తో నేర్చుకునే భౌతికశాస్త్రం అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. అమెరికాలో 1956లో పి.ఎస్.ఎస్.సి. బృందం చవక పరికరాలతో పాఠ్యక్రమం మొత్తాన్ని తిరగరాసింది. ఆ ప్రయత్నం వెనక సోవియట్‌తో పోటీ కూడా వుంది, 1957లో స్పుత్నిక్ ఎగిరాక దానికి డబ్బు కురిసింది. మన దగ్గర ఎక్కువ ప్రేరణ ఇచ్చింది అది కాదు. మధ్యప్రదేశ్ హోషంగాబాద్‌లో 1972లో 16 గ్రామీణ బడుల్లో మొదలైన విజ్ఞానబోధన కార్యక్రమంలో, పిల్లలే ప్రయోగం చేసి, పిల్లలే పట్టిక నింపి, పిల్లలే తర్కించేవాళ్లు. అది ముప్ఫై ఏళ్లు నడిచాక 2002లో ప్రభుత్వమే ఆపేసింది. తెలుగునాట 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక ఊళ్లలో, బడుల్లో ప్రయోగాల్ని బీరువాలోంచి వీధిలోకి తెచ్చింది. అంతకుముందే విశాలాంధ్ర దుకాణాల్లో చౌకగా దొరికిన సోవియట్ శాస్త్రగ్రంథాలు ఒక తరానికి ఇంట్లో ప్రయోగం చెయ్యొచ్చన్న ధైర్యమిచ్చాయి. ఇవన్నీ బడి చుట్టూ, బడి బయటా జరిగాయి. కళాశాల గది తాళం మాత్రం కదలలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఈమధ్య అడవి బిడ్డలకు సైన్సు పుట్టుకతోనే తెలుసన్న పొగడ్త వినిపిస్తోంది. ఇప్పపువ్వు పులియబెట్టి కుండలో కాచి, ఆవిరిని చల్లటి నీటితో మళ్లీ ద్రవం చేసే ఇంట్లో పెరిగిన పిల్లకు స్వేదనం కళ్లముందే వుంది, నిజమే. ఆబ్కారీ వాళ్లు ఆ కుండను పగలగొట్టి కేసు పెట్టిన చరిత్రా వుంది. కాని కుండ మీది నీళ్లు ఎందుకు వేడెక్కుతాయి, ఎన్ని నీళ్లు మారిస్తే ఎంత ఆవిరి ద్రవమవుతుంది అన్న లెక్క ఆ ఇంట్లో లేదు. ఆ లెక్కే గుప్తోష్ణం. పొగడ్త పేరుతో ఆ లెక్కను ఆమెకు అందకుండా చేస్తే అది పాత షావుకారు పనే. కాలరీమీటరు పక్కన ఆ కుండను పెట్టి రెంటినీ కొలిపించే అధ్యాపకుడు కావాలి.

లేకపోతే ఏమవుతుందో చూడాలంటే పత్తి అమ్మకాల కాలంలో ఖమ్మం మార్కెట్ యార్డుకు వెళ్తే చాలు. కిలో రాయి గురించి ఇవాళ పెద్ద తగాదా లేదు. తగాదా తేమ గురించి. భారత పత్తి సంస్థ కొనుగోలులో 8 శాతం తేమ ప్రమాణం. అది దాటితే శాతానికింతని ధర కోత, 12 దాటితే కొనరు. ఆ శాతం చెప్పేది ఒక చిన్న మీటరు. ఇలాంటి మీటర్లలో చాలావాటి పని చిన్నదే. రెండు సూదుల్ని పత్తిలోకి గుచ్చి, మధ్య విద్యుత్ నిరోధం ఎంతో చూస్తుంది. తడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. బోరెం అడుగున ఒక సంఖ్య, పైన ఒక సంఖ్య. గట్టిగా నొక్కితే ఒకటి, వదులుగా వుంచితే ఒకటి. పొద్దున మంచులో ఒకటి, మధ్యాహ్నం ఎండలో ఒకటి. ఒకే బోరెంలో పదిచోట్ల గుచ్చి సగటు తియ్యాలని అడగడానికి చాలినంత భౌతికశాస్త్రం, మీటర్‌బ్రిడ్జి మీద నిరోధం కొలిచే ఇంటర్ రెండో ఏడాది పాఠంలో వుంది. మీటరు కొనేవాడి చేతిలో వుంది. రైతు పక్కన నిలబడ్డ కొడుకో కూతురో ఆ పాఠం చదివే వుంటారు, రికార్డులో సంతకం కూడా పడే వుంటుంది.